పాత ఏసీకి మళ్ళీ గ్యాస్ పట్టించాలా?

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో పాత ఏసీ చల్లబడటం మానేసింది, మెకానిక్ వచ్చి కాపర్ పైపు జాయింట్‌కి సబ్బు నురగ రాస్తే బుడగలు లేచాయి, లీకు. బయట యూనిట్ స్టిక్కర్ మీద ఆర్-22 అని ఉంది, లోపలి గ్యాస్ పేరు అది. నాన్న గ్యాస్ పట్టించేద్దాం అన్నారు, నేను వద్దన్నా. ఓజోన్ పొరని తినే గ్యాస్ అది, 1987 మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030కల్లా దాదాపు ఆపేయాలి, తర్వాత రిపేరుకి దొరకడమే కష్టం. పోనీ వేరే గ్యాస్‌తో నడిచే కొత్త ఏసీ కొందామా అంటే, ఆర్-410ఏతో ఓజోన్‌కి హాని లేదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కి 2,000 రెట్ల పైనే, ఆర్-32 అయితే సుమారు 675 రెట్లు. అదే మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణ ప్రకారం ఈ రెండింటి వాడకానికీ మన దగ్గర 2032 నుంచి కోతే. ఆర్-290 అన్నిటికన్నా మంచిది, కాకపోతే అది ప్రొపేన్, మంట అంటుకుంటుంది, ఫిటింగ్ బాగా తెలిసినవాళ్ళే చెయ్యాలి, మా వీధిలో అలాంటివాళ్ళు దొరకలేదు. అందుకే ఆర్-32 ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం. పాతదాంట్లో మిగిలిన గ్యాస్ గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగమని మెకానిక్‌ని పట్టుబట్టి అడిగా, లాగాడు.