సోమవారం, కల్లం దగ్గర

తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. శ్రమదినాల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు రోజుల్లో, సోమవారం నాకు ఉపవాసం. మోకాళ్ల మీద ఉన్నాను గానీ ప్రార్థన సాగలేదు. "ప్రభువా" అనడం, ఆగిపోవడం. నిన్నటి ఆరాధనే కళ్లముందు తిరుగుతోంది.

నిన్న నేను చెప్పిన వాక్యం లూకా 18వ అధ్యాయం, పరిసయ్యుడూ సుంకరీ. ఇద్దరూ దేవాలయంలో ప్రార్థిస్తారు. మోషే ధర్మశాస్త్రాన్ని నిక్కచ్చిగా పాటించే పరిసయ్యుడు తన గొప్ప చెప్పుకుంటాడు, పన్ను వసూలు చేసే సుంకరి తన పాపం ఒప్పుకుంటాడు. బాగా చెప్తున్నాననే అనుకున్నాను. సగంలో ఉండగా మా సంఘంలో ఒక కుర్రాడు వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయట చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. చొక్కా నిండా దుమ్ము. నాకు చిరాకేసింది. మైకులోనే, వేలు చూపించి మరీ, "అదిగో, దేవుని కోసం ఒక గంట ముందు లేవలేనివాళ్లు" అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అతను తల దించుకున్నాడు. ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోయాడు.

రాత్రి మా ఇంటావిడ చెప్పింది అసలు సంగతి. శనివారం రాత్రి మబ్బు పట్టిందట. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పి, అవి గాలికి లేచిపోకుండా తెల్లవార్లూ కాపలా ఉన్నాడట. కౌలు చేను. కాయ తడిసి రంగు పోయి తాలుగా మారితే గుంటూరు యార్డులో ధర పలకదు. అంత చేసి, ఇంటికి కూడా పోకుండా మందిరానికి వచ్చాడు.

లైటు వేసుకుని అదే భాగం మళ్లీ చదివాను. తాను "ఈ సుంకరివలెనైనను" లేనందుకు పరిసయ్యుడు దేవునికి కృతజ్ఞత చెప్పినచోట ఆ "ఈ" దగ్గర ఆగిపోయాను. దీని మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు, ఆ ఒక్క అక్షరం ఎప్పుడూ కంటపడలేదు. పక్కవాడి వైపు చూడకుండా "ఈ" అనడం కుదరదు. నోరు దేవునితో మాట్లాడుతోంది, కళ్లు మాత్రం అటు ఉన్నాయి. నిన్నటి నా "అదిగో" కూడా అదే మాట.

ధర్మశాస్త్రం ఉపవాసానికి నియమించింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే. పరిసయ్యులు వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం ఉండేవారు. ఉపవాసం మంచిదే, నేను మానను. కానీ ఈరోజు కూడా సోమవారమేనని గుర్తొచ్చేసరికి గుండె గుభేలుమంది. సుంకరి ప్రార్థన మన బైబిల్లో నాలుగే మాటలు: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అది పైకి అన్నాక ఏడుపొచ్చింది. అప్పుడు కుదిరింది ప్రార్థన.

అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. ఎండెక్కకముందే కల్లానికి నడిచాను. దూరం నుంచే ఘాటుకు దగ్గొచ్చింది. వాళ్లమ్మ కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. మంట పుట్టకుండా వేళ్లకు పాత చీర పేలికలు చుట్టుకుంది. నన్ను చూసి లేచింది గానీ ఎప్పటిలా నవ్వలేదు.

"బాబూ, నిన్న నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు" అన్నాను.

"అయ్యో, అట్టా అనకండి అయ్యగారూ. నేను లేటుగా వచ్చిన మాట నిజమేగా."

"నువ్వు లేటవడం వేరు, నలుగురిలో నేనన్నది వేరు. వచ్చే ఆదివారం అదే మైకులో చెప్తాను."

అతనికి ఏం మాట్లాడాలో తోచలేదు. చేతిలో మిరపకాయను తొడిమ పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. ప్రార్థన చేయమని వాళ్లమ్మ నన్నడిగింది. నేను అతన్నే చేయమన్నాను. చాలాసేపు ఊరుకున్నాడు. చివరికి "తండ్రీ, వాన రానీయకు. అయ్యగారిని చల్లగా చూడు. ఆమెన్" అన్నాడు. నేనూ ఆమెన్ అన్నాను, ఇంకేమీ కలపలేదు.

సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. నేను వెళ్లేసరికి తల్లీ కొడుకూ పట్టా లాగుతున్నారు. ఒక కొస నేను పట్టుకున్నాను, అంచుల మీద రాళ్లు పెట్టాం. ఇప్పుడు రాత్రి పది దాటింది. ఇది రాస్తూ మధ్యమధ్యలో బయటికి వెళ్లి చూస్తున్నాను. ఇంకా చినుకు పడలేదు.