దక్షిణం గుమ్మం, గుండ్రటి బల్ల

అరకులో అందరం కలిసి ఉండడానికి అద్దెకి చూస్తున్న ఇళ్ళలో ఇంకోదాన్ని కూడా వదిన వద్దంది. ఆవిడ చూసేది ఫెంగ్ షుయి, అంటే చైనావాళ్ళ వాస్తు. ముందు గుమ్మంలో నిలబడితే వెనక గుమ్మం తిన్నగా కనిపిస్తోందట, లోపలికొచ్చిన శక్తి ఎక్కడా ఆగకుండా అటునుంచి అటే పోతుందట. ఫోటో మీద ఎర్ర గీత గీసి మరీ పెట్టింది గ్రూపులో. దాని కింద బాబాయి ఒక నమస్కారం బొమ్మ పెట్టాడు, అది ఒప్పుకున్నట్టో కోపమొచ్చినట్టో ఎవరికీ తెలియలేదు. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

నాన్నకి డెబ్బయ్యో ఏట చేసే భీమరథ శాంతి గుడిలో చక్కగా అయిపోయింది, ఇక మిగిలింది అందరం ఒకచోట మూడు రాత్రులు కలిసి ఉండడమే. డిసెంబరు, అరకు, ఇరవైమందికి పైన జనం. అంతమందికి సరిపోయే ఇళ్ళు అక్కడ ఎన్నని ఉంటాయి? మేము దిక్కులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే బాగున్నవన్నీ ఎవరో ఒకరు తీసేసుకుంటున్నారు, మిగిలిన వాటి రేట్లు పెరుగుతున్నాయి.

వదినకి అన్నిటికంటే నచ్చింది దక్షిణం గుమ్మం ఇల్లు. వెనక కొండ, ముందు పల్లం, దూరంగా నీళ్ళు. ఫెంగ్ షుయిలో మంచి ఇల్లంటే సరిగ్గా ఇదే, వెనక తాబేలులా కొండ కాపు కాయాలి, ముందు ఖాళీ ఉండాలి. చైనాలో ఇల్లు దక్షిణానికి తిరిగి ఉండడమే మేలట, చలిగాలి ఉత్తరం నుంచి వస్తుంది, ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి. బీజింగ్ పాత ఇళ్ళలో మధ్యన వాకిలి, నాలుగు వైపులా గదులు ఉంటాయి కదా, వాటిలో ఉత్తరం వైపు కట్టి దక్షిణానికి తిరిగిన గదులే ఇంటి పెద్దవాళ్ళవని కూడా చెప్పింది. మన వాస్తు చూసే బాబాయి అదంతా చదివి ఒకే మాట అన్నాడు, "యముడి దిక్కు గుమ్మంలోంచి అన్నయ్యని తీసుకెళ్తారా?" అంతే, ఇంకెవరూ నోరెత్తలేదు. ఆయన సరేనన్న తూర్పు గుమ్మం ఇంటికేమో తూర్పు ఆగ్నేయంలో వీధిపోటు. ఆ ఒక్క విషయంలోనే ఇద్దరికీ మాట కలిసింది, రోడ్డు తిన్నగా వచ్చి ఇంటిని గుద్దడం ఫెంగ్ షుయిలోనూ చెడ్డదేనట. ఆ ఇల్లూ పోయింది.

నాకు ఒళ్ళు మండుతున్నది దిక్కుల గురించి కాదు. పెద్దత్తకి మోకాళ్ళు పనిచేయవు, కింద గది ఉందా అని ఇంతవరకూ ఒక్కరు అడగలేదు. వెస్టర్న్ కమోడ్ ఉందా, ఆ చలిలో ఇంతమందికి గీజర్లు ఎన్ని ఉన్నాయి, కరెంటు పోతే జనరేటర్ ఉందా, వంట మనల్ని చేసుకోనిస్తారా, ఇవేవీ ఎవరికీ పట్టలేదు. అన్నీ నేనే ఓనర్లకి ఫోన్ చేసి కనుక్కోవాలి, కనుక్కుని చెప్పేలోపు ఆ ఇల్లు వద్దనేస్తారు. దానికి తోడు వదిన అందరి పుట్టిన సంవత్సరాలూ అడిగి కువా నంబర్లు, అంటే ఎవరికి ఏ దిక్కులు మంచివో చెప్పే ఫెంగ్ షుయి అంకెలు, లెక్క కట్టింది. 1955లో పుట్టిన నాన్నకి 9, అంటే తూర్పు గుంపు. 1960లో పుట్టిన అమ్మకి 2, పడమటి గుంపు. ఇద్దరి తలలూ వేర్వేరు దిక్కులకు ఉండాలట. ఇన్నేళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్న మనుషులకి ఇప్పుడు ఈ లెక్క చెప్పడమేంటి, నాకు నిజంగా బాధేసింది.

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. తాతయ్య ఇల్లు గుర్తొచ్చింది.

అంబాజీపేట దగ్గరి ఆ మండువా లోగిలిని అమ్మేశాక కూల్చేశారు. సంక్రాంతికి అందరం అక్కడే. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండేది, వానొస్తే నీళ్ళన్నీ మధ్యలోకి పడేవి, మూలల్లో నానమ్మ గంగాళాలు పెట్టేది. ఎవరు ఏ గదిలోంచి బయటికొచ్చినా మండువాలోకే రావాలి, వేరే దారి లేదు. అందుకే అలిగినవాళ్ళు కూడా అన్నం వేళకి ఎదురుపడేవాళ్ళు. పిన్ని, పెద్దమ్మ పొద్దున మాట్లాడుకోకపోయినా, సాయంత్రానికి ఆ వసారాలోనే ఇద్దరూ చెరో పక్కన కూర్చుని అరిసెల పిండి కలిపేవాళ్ళు. పిల్లలందరికీ బారుగా చాపలు వేసేవారు. నానమ్మ వచ్చి ఒక్కొక్కరినీ చూసి, గుమ్మానికి ఎదురుగా పడుకున్నవాడిని లేపి జరిపేది, దూలం కింద ఉన్నవాడిని పక్కకి లాగేది. ఎందుకని అడిగితే "పడుకోకూడదు" అనేది, అంతే. తాతయ్య నులక మంచం మాత్రం ఎప్పుడూ ఒకేచోట, తల వెనక గోడ, గుమ్మానికి కొంచెం పక్కగా. పడుకునే వీధి తలుపు చూసేవాడు. రాత్రి ఎవరు వచ్చినా ముందు ఆయన దగ్గేవాడు.

వదిన చెప్పే మంచం స్థానం ఇదే. వెనక గోడ ఉండాలి, తలుపు కనబడాలి, తలుపుకి తిన్నగా మాత్రం ఉండకూడదు. దూలం కింద వద్దు, మంచానికి ఎదురుగా అద్దం వద్దు. మొన్న ఇవన్నీ చెప్తుంటే నేను సగం వినలేదు.

ఇప్పుడు ఆ ఫోటోలన్నీ మళ్ళీ చూశాను. చాలా విల్లాల్లో గదులన్నీ పైన, ఎవరి బాత్రూం వాళ్ళకి. కింద హాల్లో సోఫాలన్నీ టీవీకి తిరిగి ఉంటాయి. అంతదూరం వెళ్ళి ఎవరి గదిలో వాళ్ళం ఫోన్లు చూసుకోవడానికా ఇంత ఖర్చు? భోజనాల బల్ల గుండ్రంగా ఉండాలని వదిన పట్టుబడితే అదొక పిచ్చి అనిపించింది కానీ, పొడుగు బల్ల దగ్గర ఆ చివర కూర్చున్న పెద్దత్తకి ఈ చివర మాట వినబడదు. మనుషులు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ పడుకుంటారు అని మా ఇంట్లో అడిగినది ఆవిడొక్కతే. బాబాయికి గుమ్మం, మా అన్నయ్యకి రేటు, పిల్లలకి స్విమ్మింగ్ పూల్, అంతవరకే.

దక్షిణం గుమ్మం ఇల్లు ఇంకా ఖాళీగానే ఉందని సాయంత్రం ఓనర్ చెప్పాడు. కింద రెండు గదులున్నాయి, ఆ ముందు వసారాకి రోజంతా ఎండ పడుతుందన్నాడు. దక్షిణాయనం చివరి రోజులు కదా, సూర్యుడు అటే వాలి ఉంటాడు. అరకు చలిలో నాన్నకీ పెద్దత్తకీ అంతకంటే కావాల్సిందేముంది? బాబాయికి నేనే ఫోన్ చేసి చెప్తాను, శాస్త్రం జోలికి పోను, ఎండ సంగతే చెప్తాను. వినకపోతే నాన్నతోనే చెప్పిస్తాను, బాబాయి తన అన్నయ్య మాట ఎప్పుడూ కాదనడు. ఓనర్ని ఫోటోలు కాకుండా గేటు దగ్గర్నుంచి నడుస్తూ వీడియో తీసి పంపమన్నాను, జనరేటర్ కూడా ఆన్ చేసి చూపించమన్నాను. మంచాలు ఎక్కడ వేయాలో వదిన ఇష్టం. కువా నంబర్లు మాత్రం ఒప్పుకోను, అమ్మానాన్నలది ఒకే మంచం.