డల్లాస్ దారి ధ్రువం మీదుగా: 15 మీటర్ల బ్యాండ్‌పై పదిహేడు సాయంత్రాలు

26 అక్టోబర్ 2024, విజయవాడ

నిన్నటితో పదిహేడు సాయంత్రాలు పూర్తయ్యాయి. డల్లాస్‌లో స్థిరపడిన మా ఊరి మిత్రుడితో హామ్ రేడియోలో, 15 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండ్‌పై ఒక్క పూర్తి క్యూఎస్‌ఓ (ఇద్దరూ ఒకరినొకరు విని ఖాయం చేసుకున్న సంభాషణ) కూడా నా లాగ్‌లోకి ఎక్కలేదు. సూర్యుడు గరిష్ఠ దశకు చేరుకున్నాడని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, సముద్ర వాతావరణ సంస్థ నోవా ఈ నెల 15న ప్రకటించాయి. సూర్యుడి చురుకుదనాన్ని, దాంతో షార్ట్‌వేవ్ దూరాలకు పోయే అనుకూలతను చూపే సోలార్ ఫ్లక్స్ నెల మొదటి రోజుల్లో 200 దాటింది. ఇరువైపులా వంద వాట్ల శక్తి ఉంది. ఇంత అనువైన కాలంలో కూడా పని జరగకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. జపాన్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, ఫిన్లాండ్ మాత్రం ఈ నెలలో పిలిచిన వెంటనే పలికాయి.

ముందుగా దారి సంగతి చెప్పాలి. విజయవాడ నుంచి డల్లాస్‌కు దూరం సుమారు 14,500 కిలోమీటర్లు. రెండు ఊళ్ళ రేఖాంశాల మధ్య 177 డిగ్రీల తేడా ఉన్నందువల్ల దగ్గరి దారి దాదాపు సూటిగా ఉత్తరానికి, 357 డిగ్రీల దిశలో బయలుదేరి, ఉత్తర ధ్రువానికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో సాగి, అవతలి వైపు టెక్సాస్‌కు దిగుతుంది. అంటే సిగ్నల్ ధ్రువకాంతుల వలయాన్ని ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటాలి. పోనీ దూరపు దారి పడదామంటే అది 25,500 కిలోమీటర్లు, పైగా దక్షిణ ధ్రువం పక్కనుంచే పోతుంది. ఏ దారి పట్టినా ధ్రువం తప్పదు. సోలార్ ఫ్లక్స్, సిగ్నల్‌ను తిరిగి భూమి వైపు వంచే పై వాతావరణపు ఎఫ్2 పొర ఎంత బలంగా ఉందో చెబుతుందే తప్ప, ధ్రువం మీద ఆ పొర కింద సిగ్నల్‌ను మింగే డీ పొర పరిస్థితి చెప్పదు. ఈ సంగతి పుస్తకంలో చదివినప్పటికీ, ఈ నెల అనుభవించాకే నాకు పూర్తిగా అర్థమైంది.

ఈ కాలాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్టోబర్ మొదటి వారంలో మనకు సాయంత్రం 5.50 ప్రాంతంలో పొద్దు గుంకుతున్న వేళకే డల్లాస్‌లో ఉదయం 7.20 దాటి పొద్దు పొడుస్తుంది, కాబట్టి మొత్తం దారి డీ పొర మింగడం తక్కువగా ఉండే వెలుగుచీకట్ల సరిహద్దు వెంటే సాగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దాటాక ధ్రువం దగ్గర నేల మీద సూర్యుడు కనిపించకపోయినా, 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎఫ్2 పొరకు, సూర్యుడు దిగంతానికి సుమారు 17 డిగ్రీలు కిందికి దిగేవరకు, అంటే నవంబర్ రెండో వారం దాకా, ఎండ తగులుతూనే ఉంటుంది. అయితే ఇవే రోజులు భూఅయస్కాంత అలజడులకూ అనుకూలమైనవి. విషువత్తుల దగ్గర భూమి అయస్కాంత అక్షం ఉండే తీరు వల్ల సౌరగాలి తెచ్చే క్షేత్రం మన క్షేత్రానికి ఎదురు తిరిగే అవకాశం పెరుగుతుందని శాస్త్రవేత్తలు రస్సెల్, మెక్‌ఫెరాన్ 1973లో వివరించారు. బ్యాండ్ తెరుచుకునే రుతువూ, దాన్ని మూసివేసే రుతువూ ఒకటే కావడం ఈ దారికున్న అసలు చిక్కు.

ప్రతి సాయంత్రం 5.30 నుంచి 6.20 వరకు కూర్చున్నాము. మొదట ఎఫ్‌టీ8 (బలహీన సిగ్నళ్ళను కంప్యూటర్ చదివే డిజిటల్ పద్ధతి), చివరి పది నిమిషాలు మోర్స్. అతను నన్ను ఐదు సాయంత్రాలు డీకోడ్ చేశాడు, నాయిస్‌తో పోల్చిన సిగ్నల్ బలం రిపోర్టులు మైనస్ 14 నుంచి మైనస్ 20 డెసిబెల్స్ వరకు ఉన్నాయి. నేను అతణ్ణి పట్టుకున్నది రెండే సాయంత్రాలు, రెండుసార్లూ మైనస్ 21, అది దాదాపు ఎఫ్‌టీ8 చదవగలిగే అంచు. మైనస్ 14 వచ్చిన రోజు అతను నా మోర్స్‌ను రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాడు. గీత గీతగా ఉండవలసిన చోట అంచులు చెదిరి, బుడబుడమంటూ వణికిన శబ్దం వినిపించింది. "వస్తున్నావురా, కానీ నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. ధ్రువకాంతుల ప్రాంతం దాటి వచ్చిన సిగ్నల్‌కు ఉండే వణుకు అదే.

అక్టోబర్ 3 గురువారం, సరిగ్గా మేము కూర్చున్న వేళలో, సాయంత్రం 5.48కి ఎక్స్9.0 స్థాయి (ఎక్స్ అంటే అత్యంత తీవ్రమైన తరగతి) సౌరజ్వాల పరాకాష్ఠకు చేరింది. ఈ చక్రంలో అప్పటివరకు వచ్చినవాటిలో అదే పెద్దది. దానికి కొద్ది నిమిషాల ముందు నుంచే సిగ్నళ్ళను గీతలుగా చూపే రేడియో తెర, వాటర్‌ఫాల్ మీద యూరప్ గీతలు ఒక్కొక్కటిగా వెలిసిపోయి మాయమయ్యాయి, చీకటిలోకి వెళ్ళిన జపాన్ గీతలు మాత్రం నిలిచాయి. ఆ రోజు వైఫల్యాన్ని జ్వాల ఖాతాలో వేయడం సులువే, కానీ మా రెండు ఊళ్ళలోనూ సూర్యుడు దిగంతం దగ్గరే ఉన్నందున పగటి వైపు డీ పొరను చిక్కబరిచే ఎక్స్‌కిరణాల దెబ్బ మా దారిపై తక్కువగానే పడాలి. అందువల్ల దోషం వేరే చోట ఉందని నా అనుమానం.

అక్టోబర్ 10 నాకు ఎక్కువ నేర్పింది. 9వ తేదీ ఉదయం ఎక్స్1.8 జ్వాలతో పాటు బయలుదేరిన ప్లాస్మా మేఘం మన కాలమానం ప్రకారం 10వ తేదీ రాత్రి పొద్దుపోయాక గానీ భూమిని తాకలేదు. ఆ రాత్రే లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. మేము కూర్చున్న సాయంత్రానికి తుఫాను ఇంకా దారిలోనే ఉంది, అయినా ఇరువైపులా ఒక్క డీకోడ్ కూడా లేదు. కారణం మేఘం కంటే ముందే వచ్చిన ప్రోటాన్లు. అయస్కాంత రేఖల వెంట ధ్రువాల మీద కురిసి, అక్కడి డీ పొరను చిక్కబరిచి, షార్ట్‌వేవ్‌ను గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి మింగేస్తాయి. ఇన్నాళ్ళూ భూఅయస్కాంత అలజడిని కొలిచే కే సూచీ ఒక్కటే చూసి కూర్చున్నాను. ఇప్పుడు గోస్ ఉపగ్రహం కొలిచే 10 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తికి పైబడిన ప్రోటాన్ల గ్రాఫ్‌ను ముందు చూస్తున్నాను, అది 10 గీతకు పైన ఉంటే డల్లాస్ వైపు పిలవడం దండగ.

అయితే ధ్రువం ఒక్కటే కారణమైతే ఇద్దరికీ సమానంగా వినబడకపోవాలి. అతను ఐదు, నేను రెండు అంటే తేడా మా ఇంటి దగ్గరే ఉంది. 5.30కి, వచ్చే సిగ్నల్ బలం చూపే నా ఎస్-మీటర్‌పై నాయిస్ ఎస్3. 6.05 ప్రాంతంలో వీధి మలుపులో ఎల్‌ఈడీ దీపం వెలిగిన క్షణమే ముల్లు ఎస్6కు లేస్తుంది. నవరాత్రుల్లో వీధి పొడవునా సీరియల్ సెట్లు కట్టాక అది ఎస్7 అయింది. ఇంటి మెయిన్ ఆపి, రేడియోను బ్యాటరీపై నడిపి చూశాను, ముల్లు కదలలేదు, అంటే నాయిస్ బయటిదే. పుస్తకం లెక్కన మూడు ఎస్ యూనిట్లంటే 18 డెసిబెల్స్. ఈ మీటర్లలో కింది యూనిట్లు అంత ఉండవు కాబట్టి 10 అనుకున్నా, మైనస్ 21 దగ్గర వేలాడే సిగ్నల్‌కు అది చావు దెబ్బే. అంటే పొద్దు గుంకాక నాకు నిజంగా మిగిలింది పదిహేను నిమిషాలు.

మూడో అనుమానం యాంటెనా ఎత్తుపై ఉంది. తూర్పు పడమరలుగా కట్టిన డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెనా) 9 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తులో దాని ప్రధాన కిరణం సుమారు 23 డిగ్రీల కోణంలో పైకి పోతుంది. ఇంత దూరానికి 10 డిగ్రీల లోపు కావాలి. పైగా ఉత్తరాన 40 మీటర్ల దూరంలో 17 మీటర్ల అపార్ట్‌మెంట్ ఉంది, 11 డిగ్రీల కింద ఉన్నదంతా దాని గోడకే తగులుతుంది. 13 మీటర్లకు లేపితే కోణం 16 డిగ్రీలకు దిగుతుంది, గోడ అడ్డు కూడా సగం తగ్గుతుంది. డైపోల్‌కు ఆర్‌జీ-58 కేబుల్ బదులు, సిగ్నల్ నష్టం తక్కువగా ఉండే ఆర్‌జీ-213 వేశాను. 25 మీటర్ల పొడవులో ఒక్క డెసిబెల్ మిగిలినా ఈ పనిలో అది విలువైనదే. నా ఐకామ్ 7300 రేడియోలో వాటర్‌ఫాల్ లేకపోతే దీపం వెలిగిన క్షణాన్ని అంత కచ్చితంగా పట్టుకోగలిగేవాణ్ణి కాదు. ఈ ధరలో దానికి సాటి వచ్చే రేడియో లేదని నా అభిప్రాయం.

ఇక ముందు పని రెండు రకాలు. వినడానికి మాత్రమే ఒక మీటర్ వ్యాసం లూప్ యాంటెనా కట్టి, దానికి ఏమీ వినపడని మూగ దిశను దీపం వైపు తిప్పి చూస్తాను. 13 మీటర్ల జీఐ పైపు డిసెంబర్‌లో లేపి, మార్చి 20 నాటికి సాయంత్రపు పరీక్ష మళ్ళీ మొదలుపెడతాను. ఈలోగా ధ్రువం పైన ఎండ మిగిలిన రెండు వారాలూ తెల్లవారుజామున ప్రయత్నిస్తాము. రేపు ఆదివారం 5.45కి, డల్లాస్‌లో శనివారం రాత్రి 7.15 అవుతుండగా, అతను ముందు 15 మీటర్లపై, పావుగంట తరువాత 20 మీటర్లపై పిలుస్తాడు. మా వీధి దీపం ఉదయం ఎన్ని గంటలకు ఆరుతుందో కూడా రేపే రాసుకోవాలి.