ఇంటి గోడ పక్కన ఎత్తు మడి: నా అనుభవం

పర్లాకిమిడిలో మా ఇంటి తూర్పు గోడకూ ప్రహరీకీ మధ్య ఆరడుగుల ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఆకుకూరలకు పది అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉండే మడి కట్టించాను. మడి లోపలి వెడల్పు రెండడుగులే ఉంచాను. ఒకవైపు నుంచే చెయ్యి అందే మడికి అంతకు మించితే కలుపు తీయడానికి మడిలోకి దిగి మట్టిని తొక్కవలసి వస్తుంది.

"గోడుంది కదమ్మా, వెనకాల మళ్లీ గోడెందుకు? మూడు వైపులా కట్టేస్తే ఇటుక కూడా కలిసొస్తుంది" అన్నారు మేస్త్రి. నేను ఒప్పుకోలేదు. నేలలోని చెమ్మ పైకి పాకకుండా గోడ మొదట్లో వేసే కాంక్రీటు పట్టీ మా ఇంటికి నేల నుంచి అడుగు ఎత్తులో ఉంది. దానికి మించి అర అడుగు మట్టిని గోడకు ఆనించి పోస్తే, ఆ పట్టీని దాటి చెమ్మ నేరుగా ఇటుకలోకి చేరి, లోపలి గదిలో ఉప్పు పొంగి సున్నం రాలిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను నాడు మా గజపతి జిల్లాలో కురిసిన వానను చూసినవారికి, తడిమట్టి గోడను అంటుకుని ఉండడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే మడికి నాలుగో గోడ కూడా కట్టించి, దానికీ ఇంటి గోడకూ మధ్య తొమ్మిదంగుళాల సందు వదిలాను. చీపురు పట్టాలి, వంగి చూస్తే గోడ మొదలు కనబడాలి. అంతకంటే ఇరుకైతే రాలిన ఆకులు కుళ్లి అక్కడే చెమ్మ నిలుస్తుంది. సందు అడుగున సిమెంటు చేయించి, పొడవునా రెండంగుళాల వాలు ఇప్పించాను. రసమట్టం పెట్టి చూసినా నాకు తృప్తి కలగక, ఒక చివర బకెట్టు నీళ్లు పోసి, అవి ఎక్కడా ఆగకుండా కాలువలోకి చేరేదాకా నిలబడి చూశాను. చెదలు కూడా ఈ సందు వల్లనే బయటపడతాయి: గోడ మీద పెన్సిలు మందాన మట్టి గొట్టం పైకి పాకుతున్నట్టు కనబడితే వెంటనే చెరిపి, అది ఎక్కడి నుంచి వస్తోందో చూడవచ్చు. మట్టి గోడకు ఆనుకుని ఉంటే తలుపు చట్రం డొల్లపడేవరకు తెలియదు.

మడి అడుగున సిమెంటు వేయించలేదు. నేలనే దారి వైపు పల్లంగా చెక్కించి, ముందు గోడ అడుగున పైపు ముక్కలు అమర్చి, మట్టి కొట్టుకుపోకుండా వాటి లోపలి వైపు కొబ్బరి పీచు కుక్కాను.

మా ప్రాంతపు ఎర్రమట్టిలో చాలాచోట్ల పులుపు ఎక్కువ కనుక ముందు కొద్దిగా వ్యవసాయ సున్నం కలిపి తడిపి వదిలేశాను. పశువుల గత్తంతో పాటే సున్నం వేస్తే నత్రజని ఆవిరైపోతుంది, అందువల్ల కొన్ని వారాలు ఆగి, బాగా చివికిన గత్తం మూడో వంతు, మిల్లు నుంచి తెచ్చిన కాలిన ఊక, కొంత వేపపిండి కలిపి అంచు దాకా నింపాను. మొదటి వానలకు మట్టి కుదించుకుపోతుంది కాబట్టి పైన పోయడానికి రెండు బస్తాల మిశ్రమం దాచుకోవడం మంచిది.

తూర్పు గోడకు మధ్యాహ్నం దాకానే ఎండ తగులుతుంది. తోటకూరకూ బచ్చలికీ ఆ ఎండ చాలు. టమాటాకు చాలదనే నా అభిప్రాయం. కరివేపాకునూ మునగనూ మాత్రం, వేళ్లు పునాది జోలికి వెళ్లకుండా, ప్రహరీ అవతలి మూలన నాటించాను.