లేయర్ బానే ఉంది, పక్క సందులోంచి వచ్చేవాళ్లతోనే చచ్చాం

నిన్న రాత్రే రిలీజ్ అయింది, ఒంట్లో మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. మాదాపూర్‌లో చిన్న కంపెనీ మాది, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్ వాడతాం. కస్టమర్ టేబుల్లో ఫోన్‌కి ఒక్కటే కాలమ్, ఇప్పుడేమో ఒక్కొక్కరికి మూడు నాలుగు నంబర్లు కావాలన్నారు, సో ఫోన్లకి వేరే టేబుల్.

కోడ్ వైపు పెద్ద పనేం లేదు. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) అంతా రిపాజిటరీ లేయర్లోనే, అంటే డేటాబేస్ పనంతా ఒక్కచోట పెట్టిన కోడ్‌లోనే ఉంది, ఆ ఒక్క ఫైల్ మార్చా, అయిపోయింది. అప్పట్లో ఈ లేయర్ టైమ్ వేస్ట్ అన్నోళ్లు ఇప్పుడు కిక్కురుమనట్లేదు.

ఫైనాన్స్ వాళ్లు మాత్రం నేరుగా డేటాబేస్‌లోకే వస్తారు. వాళ్ల రిపోర్టులు ఆగకుండా టేబుల్ పేరు మార్చేసి, పాత పేరుతో ఒక వ్యూ (టేబుల్‌లా కనిపించే, సేవ్ చేసిన క్వెరీ) పెట్టి, పాత కాలమ్సే చూపిద్దాం అనుకున్నా. రాత్రి ఆల్టర్ టేబుల్ రీనేమ్ (టేబుల్ పేరు మార్చే కమాండ్) కొట్టా, కదల్దే! దాని వెనక వచ్చిన ప్రతి సెలెక్టూ (డేటా చదివే క్వెరీ) ఆగిపోయింది, బయోడైవర్సిటీ జంక్షన్‌లో బస్సు అడ్డం తిరిగినట్టు. సైట్ డౌన్. కాల్‌లో మేనేజర్ వింటుండగానే డీబీఏ (డేటాబేస్ చూసుకునే) సార్ "ఏం బాబూ, మీ ఓఆర్ఎమ్ బ్యాచ్‌కి లాక్ అంటే ఏంటో తెలుసా అసలు" అన్నాడు (ఓఆర్ఎమ్ అంటే కోడ్‌లోంచే డేటాబేస్ వాడుకునే టూల్, లాక్ అంటే ఒకరి పని అయ్యేదాకా దానికి అడ్డొచ్చే వాళ్లని ఆపే తాళం). ఎవరో నవ్వారు కూడా.

నేనేం మాట్లాడకుండా పీజీ_స్టాట్_యాక్టివిటీ (డేటాబేస్‌లో ఎవరు ఏం చేస్తున్నారో చూపించే లిస్టు) తెరిచి స్క్రీన్ షేర్ చేశా. సాయంత్రం నుంచి ఒక సెషన్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్', అంటే ట్రాన్సాక్షన్ మొదలెట్టి ముగించకుండా ఖాళీగా కూర్చుంది, రిపోర్టింగ్ యూజర్ది. ఫైనాన్స్‌లో ఎవరో ఆటోకమిట్ (ప్రతి క్వెరీ తర్వాత ట్రాన్సాక్షన్ దానంతటదే ముగియడం) ఆఫ్‌లో ఉన్న టూల్‌లో సెలెక్ట్ కొట్టి, సిస్టమ్ ఆన్‌లోనే వదిలేసి ఇంటికెళ్లిపోయారు. చదవడానికి తీసుకున్న లాకే అయినా ట్రాన్సాక్షన్ అయ్యేదాకా వదలదు, రీనేమ్‌కేమో యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి, అంటే టేబుల్‌ని ఇంకెవరూ, చదివేవాళ్లు కూడా, ముట్టుకోకూడదు. ఆ లాగిన్ ఇచ్చింది ఎవరు సార్ అనడిగా. మ్యూట్‌లోకి వెళ్లిపోయాడు. ఆ సెషన్‌ని తెంచేసే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ కొట్టగానే అంతా కదిలింది.

మీరు చేసేటప్పుడు ఆల్టర్‌కి ముందు లాక్_టైమౌట్ 3 సెకన్లు పెట్టుకోండి, లాక్ దొరక్కపోతే అదే ఫెయిలై తప్పుకుంటుంది, జనం ఆగరు. పాత టేబుల్ గ్రాంట్లు (ఎవరు వాడొచ్చనే పర్మిషన్లు) కొత్త వ్యూకి రావు, మళ్లీ ఇవ్వాలి. జాయిన్ ఉన్న (రెండు టేబుళ్లు కలిపిన) వ్యూలోకి ఎవరైనా రాస్తుంటే, ఆ రాతని అసలు టేబుళ్లకి మళ్లించే ఇన్‌స్టెడ్ ఆఫ్ ట్రిగ్గర్ కూడా కావాలి, మావాళ్లు చదవడమే కాబట్టి బతికిపోయా. ఐడిల్ ట్రాన్సాక్షన్లకి టైమౌట్ సెట్టింగ్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ నుంచే ఉంది, పెట్టమని సార్‌కి మెయిల్ కొట్టా, రిప్లై లేదు.

వ్యూ ఎప్పుడు తీసేద్దాం అంటే ఫైనాన్స్ వాళ్లు నెలాఖరు అయ్యాక అంటున్నారు, ఏ నెలో మాత్రం చెప్పట్లేదు.