స్కిజోఫ్రేనియాలో రోగనిరోధక వ్యవస్థ పాత్ర

చీపురుపల్లి దగ్గర ఉండే మా పిన్ని కొడుక్కి స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే మానసిక వ్యాధి) అని తేలకముందు ఊళ్లోవాళ్లు చిల్లంగి పెట్టారన్నారు. తేలిన తరువాత గారాబం చేసి పాడుచేశావని పిన్నినే తప్పుపట్టారు. ఈ రెండు మాటలూ ఎంత అన్యాయమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వేలాదిమంది జన్యువులను పోల్చిచూసి 2014లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, ఈ జబ్బుతో ముడిపడిన 108 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో అన్నింటికన్నా బలంగా కనిపించినది ఆరో క్రోమోజోము మీద, రోగనిరోధక వ్యవస్థకు చెందిన జన్యువులు గుంపుగా ఉండే చోటు. అక్కడి సీ4 అనే జన్యువును అమెరికాలో స్టీవెన్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ తదితర శాస్త్రజ్ఞులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. సీ4 ప్రోటీను ఒంట్లో చొరబడిన క్రిములకు గుర్తువేసి, రక్షకకణాలు వాటిని మింగేసేలా చేస్తుంది. ఎదిగే మెదడులో నాడీకణాల మధ్య అవసరానికి మించి ఏర్పడిన సంధులను తొలగించడంలోనూ దానికి పాత్ర ఉందని ఎలుకల్లో తేలింది. జీడితోటలో కొమ్మలు కత్తిరించడం చెట్టుకు మంచిదే కాని, కత్తి అదుపు తప్పితే కాపుకొచ్చే కొమ్మలూ పోతాయి. ఈ సీ4లోనే సీ4ఏ అనే రకం ఎక్కువగా తయారయ్యేవారిలో అటువంటిదే జరుగుతుండవచ్చని, జబ్బు ఎక్కువగా యుక్తవయసులోనే బయటపడటానికి ఇదీ ఒక కారణం కావచ్చని శాస్త్రజ్ఞుల ఊహ. అయితే సీ4ఏను ఎక్కువగా తయారుచేసే ఆ జన్యురూపం పెంచే ముప్పు స్వల్పమే. అది ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు.

ఇది చదివి ఇమ్యూనిటీ పొడులు కొనవద్దని, మానసిక వైద్యులు ఇచ్చిన మాత్రలు ఆపవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. మెదడులో వాపును తగ్గిస్తుందని ఆశపడిన మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా బ్రిటన్‌లో జరిపిన పరీక్షలో మేలు చూపలేదని 2018లో తేలింది. మా తమ్ముడికి నిజంగా పనిచేసినది క్లోజపిన్ అనే మానసిక వైద్యపు మందు. అది అరుదుగా తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కనుక, మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష చేయించేవారు. రిపోర్టు చేతికి రాగానే పిన్ని ముందు న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లరక్తకణాలు) వరుస మీద వేలుపెట్టి అంకె చూసేది. ఈ మందు వాడేవారికి జ్వరమో గొంతునొప్పో వస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి.

రోగనిరోధక వ్యవస్థే నేరుగా కారణమయ్యే వేరొక జబ్బు ఉంది. మెదడులో నాడీకణాలు సంకేతాలు అందుకోవడానికి తోడ్పడే ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలే (యాంటీబాడీలే) దాడిచేయడం వల్ల వచ్చే ఈ మెదడువాపును నాడీవైద్యుడు జోసెప్ డాల్మౌ బృందం 2007లో వివరించింది. ఇది ఎక్కువగా యువతులకు వస్తుంది. కొందరిలో అండాశయ కణితి దీనికి మూలం. తొలిరోజుల్లో అచ్చం పిచ్చిలాగే కనిపించినా, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ వంటి చికిత్స త్వరగా అందితే చాలామంది కోలుకుంటారు. అందుకే కొద్దిరోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయి, దానితోపాటు ఫిట్స్, జ్వరం, మాట పడిపోవడం, మూతి లేదా చేతులు వాటంతటవే కదలడం వంటివి కనిపిస్తే, తాయెత్తు కోసం తిరగకుండా విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి న్యూరాలజీ విభాగం ఉన్న చోటికి తీసుకువెళ్లి, వెన్నునీటి పరీక్ష అవసరమా అని డాక్టరును అడగాలి.