వాయిదా

నిన్న మధ్యాహ్నం పాలస్తీనా మహిళల న్యాయసహాయం మీద ఆన్‌లైన్ సెషన్ విన్నాను. వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లా ఊరి లాయరమ్మ మాట్లాడుతుంటే రెండుసార్లు కరెంటు పోయింది. అక్కడ కాదు, మా ఇంట్లో!

వెస్ట్ బ్యాంక్‌లో ముస్లిం కుటుంబాల విడాకులకి 1976 నాటి జోర్డాన్ చట్టం, గాజాలో 1954 నాటి ఈజిప్టు హయాం చట్టం. మహిళా హక్కుల ఒప్పందం సీడాలో పాలస్తీనా 2014లో ఒక్క మినహాయింపూ లేకుండా చేరింది. మనం 1993లో మెలికలు పెట్టి చేరాం. 2018లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిటీ ఆ ఒప్పందం అమలు గురించి పాలస్తీనాని నిలదీసి అడిగింది. అత్యాచారం చేసినవాడు బాధితురాల్ని పెళ్లాడి శిక్ష తప్పించుకునే 308వ సెక్షన్ కూడా ఆ ఏడాదే వెస్ట్ బ్యాంక్‌లో రద్దయింది. దాని వెనక మహిళా సంఘాల ఏళ్ల పోరాటం ఉంది.

సెషన్ మధ్యలో లాయరమ్మ ఫోన్ మోగింది. చెక్‌పోస్టు మూసేశారట, క్లయింటు కోర్టుకి రాలేకపోతోంది. "నేను వాయిదా అడుగుతాలే, నువ్వు ఇంటికెళ్లు తల్లీ" అందని అనువాదకురాలు చెప్పింది.